సున్నపురాళ్ళ ఊళ్ళో సల్ఫా బిళ్ళలు

వాల్తేరులో బెంజీను వలయాలు గీసి గీసి, ఫార్మసీ పట్టా పుచ్చుకుని నందిగామలో బస్సు దిగితే, ఊరు నన్ను 'కాంపౌండరు' అంది. యాభైల నడిమి రోజులు. అప్పట్లో తెల్లచొక్కా తొడుక్కుని సీసాల్లో ఎర్రనీళ్ళు పోసే ప్రతివాడూ కాంపౌండరే. నేను సరిదిద్దలేదు. పోసేది ఎర్రనీళ్ళే గనక.

ఇప్పుడీ వృత్తిలోకి వస్తున్న కుర్రవాళ్ళకి మందులన్నీ రేకులో బిగించి వస్తున్నాయి. కలపడం, నూరడం, వడకట్టడం లేవు. అదృష్టవంతులు. కానీ రేకు చింపి మింగాక లోపల జరిగేది మాత్రం మా రోజుల్లో జరిగినట్టే జరుగుతుంది. అందులో నేను నేర్చుకున్నదంతా రెండు సంగతుల్లో ఉంది. ఒకటి చీముగడ్డ, రెండోది ఒక పెద్దమనిషి ఉచ్చ. సున్నితమైన మనసున్నవాళ్ళు బ్యాంకు ఉద్యోగం చూసుకోవచ్చు.

చీముగడ్డ

నేను పనిచేసింది డాక్టర్ సోమయాజులు గారి దగ్గర. ఎల్.ఎం.పి. అనే పాత డాక్టరీ చదువు చదివిన మనిషి, హస్తవాసి మంచిదని పేరు. పేరు వచ్చిన హస్తం గనక దాన్ని ఎవరూ ప్రశ్నించేవారు కాదు, ఆయనతో సహా.

ఒకరోజు రెడ్డిగూడెం వైపునుంచి ఒక రైతు తొడమీద కొబ్బరికాయంత గడ్డతో బండిలో వచ్చాడు. డాక్టరు గారు గడ్డలోకే నాలుగు చోట్ల ప్రొకేను మత్తుసూది పొడిచి, కాసేపాగి కత్తి పెట్టారు. ఆ కేక బస్టాండు దాకా వినబడింది.

"మత్తిచ్చాగదయ్యా, ఊరికే అరుస్తావేం?" అన్నారు డాక్టరు గారు.

"ఎవరికిచ్చారో గానండీ, నాకు మాత్రం అందలేదు," అన్నాడు రైతు.

డాక్టరు గారు రెండో సూది వేశారు. అదీ అందలేదు. చివరికి నలుగురం పట్టుకుంటే పని అయింది. రైతు వెళ్ళాక ఆయన, "ఒట్టి పిరికివాడు," అన్నారు.

"పిరికితనం కాదేమోనండి, పులుపేమో," అన్నాను నేను.

ఆయన కళ్ళజోడు మీదుగా చూశారు. చెప్పమన్నట్టో మానుకోమన్నట్టో తెలియలేదు. చెప్పేశాను. మీకూ ఇక్కడే చెబుతాను, మిగతా కథంతా దీనిమీదే నడుస్తుంది.

మందుల్లో చాలావాటికి కాస్త ఆమ్లగుణమో కాస్త క్షారగుణమో ఉంటుంది. గట్టివి కావు, మెత్తటివి. అలాంటి ప్రతి అణువుకీ రెండు వేషాలు. విద్యుదావేశం ఉన్న వేషంలో అది నీళ్ళలో హాయిగా కరుగుతుంది గానీ, శరీరంలోని కణాల గోడలు కొవ్వుతో కట్టినవి కాబట్టి వాటిని దాటలేదు. ఆవేశం లేని వేషంలో గోడలు దాటుతుంది గానీ నీళ్ళలో కరగడానికి మొరాయిస్తుంది. ఎప్పుడు ఏ వేషం కడుతుందో నిర్ణయించేది చుట్టూ ఉన్న పులుపు. క్షారానికి పులుపు తగిలితే ఆవేశం వస్తుంది. ఆమ్లానికి పులుపు తగిలితే ఆవేశం పోతుంది. ఈ రెండు వాక్యాలకోసం మా ప్రొఫెసరు గారు ఒక ఏడాది తీసుకున్నారు.

ప్రొకేను క్షారం. చీముపట్టిన చోట ఒళ్ళు పుల్లబడుతుంది. అక్కడ పొడిచిన మత్తుమందు దాదాపు అంతా ఆవేశం తెచ్చుకుని, నరం గుమ్మం బయటే నిలబడి ఉంటుంది. లోపలికి పోదు. రైతు చెప్పింది అక్షరాలా నిజం, అతనికి అందలేదు.

"అయితే ఏం చెయ్యమంటావు?" అన్నారు డాక్టరు గారు.

"గడ్డలో కాకుండా, ఎడంగా, చీములేని చోట నరందారిలో వేసి చూద్దామండి."

"నువ్వు పొట్లాలు కట్టు," అన్నారాయన.

తర్వాత వచ్చిన గడ్డకి ఎడంగానే వేశారు. ఆ రోగి అరవలేదు. డాక్టరు గారు నావైపు చూడలేదు, నేనూ చూడలేదు. తప్పు ఒప్పుకోని పైవాళ్ళు చాలామంది దొరుకుతారు. ఒప్పుకోకపోయినా మార్చుకునేవాళ్ళు అరుదు. అలాంటివాడు దొరికితే వదులుకోవద్దు. ఒప్పుకుని, మార్చుకోనివాళ్ళని మాత్రం దూరంగా ఉంచండి. వాళ్ళ మర్యాదకి పడిపోయి మీరు కూడా మార్చుకోవడం మానేస్తారు.

పేట నీళ్ళు

ఆ తర్వాత డాక్టరు గారు జగ్గయ్యపేటలో ఒక గది తీసుకుని చిన్న ఆసుపత్రి పెట్టారు. వారంలో రెండు రోజులు నందిగామనుంచి బస్సులో వచ్చేవారు. మిగతా రోజుల్లో ఆయన రాసిన మందులు ఇవ్వడానికి నేను పేటలోనే ఉండేవాణ్ణి. మందులు ఇవ్వడమే నా పని. రాయడం కాదు. ఈ సరిహద్దు రాబోయే కథలో కొంచెం చెరిగింది.

పేట కింద ఉన్నదంతా సున్నపురాయి. బావినీళ్ళు కాగులో నాలుగురోజులు కాస్తే లోపల తెల్లటి పెచ్చు కట్టేది. ఆడవాళ్ళు చింతపండు పెట్టి తోమితే ఆ పెచ్చు వదిలేది. ఊళ్ళో చంటిపిల్లవాడికి కూడా తెలిసిన రసాయనశాస్త్రం ఇది: నీళ్ళలో సున్నం ఉంది, సున్నం రాయవుతుంది, పులుపు రాయిని తింటుంది. ఎవరికి నడుమునొప్పి వచ్చినా "నీళ్ళండీ, లోపల రాయి కట్టి ఉంటుంది," అనేవారు. ఒక్కోసారి నిజమే అయ్యేది కూడా.

పేట బజారులో సుబ్బారాయుడు గారని కోమట్ల పెద్దమనిషి. పెద్ద కిరాణా కొట్టు. లావుపాటి మనిషి, మెత్తటి మాట. ఆయన భార్య వెంకటసుబ్బమ్మ గారు. ఆవిడ తమ్ముడు నరసయ్య ఊరవతల సున్నపుబట్టీ నడిపేవాడు. కోదాడ వైపు బేరాలు చేసి చేసి మాటలో అటువైపు యాస కొంత అంటించుకున్నాడు. తెలివైనవాడు. ఈ కథలో ప్రమాదమంతా ఆ తెలివినుంచే వచ్చింది.

సుబ్బారాయుడు గారికి రొమ్ముపడిశం ముదిరి న్యుమోనియా అయింది. అంతకుముందొకసారి పెన్సిలిన్ సూది వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు తేలి ఊపిరాడక నానా యాతనా పడ్డాడు. అందుకని డాక్టరు గారు సల్ఫా బిళ్ళలు రాశారు. వాటితోపాటు సోడా కలిపిన మిక్స్చరు ఒక సీసా. వీటన్నిటికంటే ముఖ్యంగా, పూటకి రెండు చెంబుల నీళ్ళు. నా ఎదటే వెంకటసుబ్బమ్మ గారికి రెండుసార్లు చెప్పి, బస్సెక్కి వెళ్ళిపోయారు.

ఆవిడ బిళ్ళలు వేళకి వేసింది. మిక్స్చరు కూడా పోసింది. నీళ్ళు మాత్రం బిళ్ళ దిగడానికి ఒక గుక్క. జ్వరంలో ఉన్నవాడికి చెంబుడు నీళ్ళు తాగిస్తే సన్నిపాతం కమ్ముతుందని ఆవిడ తల్లి చెప్పింది, తల్లికి ఆవిడ తల్లి చెప్పింది. రెండుసార్లు చెప్పిన డాక్టరు వాళ్ళిద్దరి ముందు ఏపాటి?

బట్టీవారి ప్రయోగం

జ్వరం తగ్గింది. ఆసుపత్రిలో నేను చల్లగా కూర్చున్నాను. అంతలో వెంకటసుబ్బమ్మ గారు కబురు పంపింది, నడుముకి నొప్పిమాత్ర ఏదన్నా తెమ్మని. జ్వరానికి బిళ్ళలు వేస్తున్న మనిషికి నడుమునొప్పి ఎందుకొచ్చిందా అని మాత్ర లేకుండా నేనే వెళ్ళాను.

అరుగుమీద నరసయ్య కూర్చుని ఉన్నాడు. ముందర పింగాణీ సాసరులో ఒక సున్నపురాతి ముక్క, చేతిలో చిన్న సీసా. ముక్కమీద ఒక్కొక్క చుక్కే వేస్తున్నాడు. చుక్క పడినచోటల్లా రాయి బుస్సుమని నురుగు కక్కుతోంది. బట్టీకి వచ్చే రాయి మంచిదో కాదో చూడటానికి అతను రోజూ చేసే పరీక్షే.

"చూస్తున్రా కాంపౌండరు గారూ? రాయి ఎట్లా కరుగుతోందో. బావ కడుపులో కూడా ఇదే జరుగుతోంది ఇప్పుడు."

సీసా చూశాను. డైల్యూట్ హైడ్రోక్లోరిక్ ఆసిడ్. ఎప్పుడో అరగక పోతుంటే చుక్కలుగా నీళ్ళలో వేసుకోమని ఇచ్చింది, ఇంట్లో మిగిలిపోయింది.

"ఇది ఎప్పట్నుంచి ఇస్తున్నారు?"

"నిన్న పొద్దున్నించి. ఉచ్చలో నెత్తురు కనపడ్డది, నడుము విరగ్గొడుతున్నది. పేటలో ఉండేవాడికి అంతకంటే చెప్పాలా, రాయి. అక్క ఏడుస్తుంటే నేనే పట్టించా."

"డాక్టరు గారిచ్చిన సోడా మందో?"

"అది ఆపించేసా. తెల్లగా, ఉప్పగా, అచ్చం సున్నపునీళ్ళలా ఉంది. రాయి ఉన్నవాడికి సున్నం పోస్తారా అండీ ఎవరైనా?"

అతని తర్కంలో నాకు ఇప్పటికీ తప్పు కనపడదు. తప్పల్లా రాయిలో ఉంది.

"ఇవాళ ఉచ్చ పోశారా?"

లోపలినుంచి వెంకటసుబ్బమ్మ గారు వచ్చింది. "రాత్రినించి చుక్క లేదు కాంపౌండరు గారూ. రాయి కరుగుతోంది, ఆగమంటాడు తమ్ముడు. ఎప్పటిదాకా ఆగమంటారు?"

నిన్న పోసింది డాక్టరు గారికి చూపిద్దామని గాజుగ్లాసులో దాచిందావిడ. పైన మాంసం కడిగిన నీళ్ళలా ఎర్రగా ఉంది. అడుగున బియ్యపురవ్వలాంటి మడ్డి. వేలితో నలిపితే సున్నంలా మెత్తబడలేదు, సన్నటి సూదుల్లా గుచ్చుకుంది.

సల్ఫా అణువుకి ఒక కొసన క్షారపు చెయ్యి ఉంటుంది. నడుమ, గంధకం పక్కన, వదిలెయ్యడానికి సిద్ధంగా ఉన్న ఒక హైడ్రోజను ఉంటుంది. అదే దాని ఆమ్లగుణం. ఒంట్లోకి పోయాక లివరు ఆ క్షారపు చేతికి ఒక తొడుగు తొడిగి బయటికి పంపుతుంది. చెడ్డ ఉద్దేశంతో కాదు, దానికి తెలిసిన పని అది. ఆ తొడుగుతో మందు నీళ్ళలో మరీ తక్కువ కరుగుతుంది. మూత్రం క్షారంగా ఉంటే నడిమి హైడ్రోజను ఊడి, ఆవేశం వచ్చి, కరిగి పోతుంది. మూత్రం పుల్లగా ఉంటే ఆవేశం లేకుండా, కరగకుండా, ఒకదానికొకటి అతుక్కుని స్ఫటికాలై మూత్రపిండాల సన్నదారుల్లో కూర్చుంటుంది. సోడా ఎందుకంటే అందుకు. చెంబులకొద్దీ నీళ్ళెందుకంటే అందుకు.

సుబ్బారాయుడు గారింట్లో వరసగా జరిగిందిదీ. నీళ్ళు తగ్గించారు, స్ఫటికాలు మొదలయ్యాయి. అవి గీసుకుని నెత్తురు వచ్చింది. నెత్తురు చూసి రాయన్నారు. రాయికని సోడా ఆపి ఆసిడ్ పట్టారు. దాంతో దారి పూర్తిగా మూసుకుంది. పేటకాక మరే ఊరైనా మొదటి మెట్టు దగ్గరే ఆగి ఉండేది. రాయిని కరిగించడం తెలిసిన ఊరు గనక చివరిదాకా వెళ్ళింది.

రెండు గ్లాసులు

నరసయ్యకి ఇదంతా చెబితే వినడు. కళ్ళతో చూసినదాన్ని నమ్మేవాడు, చూపించాలి. అతని పద్ధతిలోనే చూపించాను. రెండు గ్లాసుల్లో నీళ్ళు తెప్పించి, ఒక సల్ఫా బిళ్ళ పొడిచేసి చెరిసగం వేశాను. ఒకదాంట్లో అతని సీసాలోంచి రెండు చుక్కలు. రెండోదాంట్లో చాకలిసోడా.

ఆసిడ్ గ్లాసులో పొడి పొడిలాగే కూర్చుంది. సోడా గ్లాసు కలిపినకొద్దీ తేటబడింది.

నరసయ్య రెండు గ్లాసులూ ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు. మళ్ళీ కలిపాడు. మళ్ళీ చూశాడు.

"ఇదేందండీ, తిరగబడ్డది?"

"మీ రాయి వేరు, ఈ రాయి వేరు. ఇది సున్నం కాదు, మీ బావగారు మింగిన మందే."

ఇక్కడొక రహస్యం చెప్పాలి. నా రెండు చుక్కలతో ఊరుకోక అతను సీసా మొత్తం వంపి ఉంటే నా పరువు పోయేది. అణువుకి క్షారపు చెయ్యి కూడా ఉంది గదా, గట్టి పులుపులో దానికి ఆవేశం వచ్చి ఆ గ్లాసు కూడా కరిగి ఊరుకునేది. ప్రదర్శనలు చేసేటప్పుడు పాళ్ళు మీ చేతిలో ఉంచుకోండి.

నరసయ్య సాసరులో రాయి ముక్కని తీసి వీధిలోకి విసిరేశాడు. "బావకేమన్నా అయితే అక్కకి నేనేం ముఖం చూపించనండీ?" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

బిళ్ళలన్నీ ఏరి నా జేబులో వేసుకున్నాను. మందు ఆపే అధికారం నాకు లేదు. డాక్టరు గారు వచ్చాక జేబులోంచి తీసి ఇవ్వవచ్చనుకున్నాను. నందిగామ వైపు వెళ్ళే బస్సు డ్రైవరుకి కబురు చెప్పాను. అప్పట్లో మా టెలిఫోను అదే, తప్పు నంబరు ఎప్పుడూ పోలేదు. ఇక మిగిలింది సోడా, నీళ్ళు. అవి నేను రాయనక్కర్లేదు, డాక్టరు గారు రాసినవే.

వెంకటసుబ్బమ్మ గారు చెంబు పట్టుకుని నిలబడింది గానీ వంచడానికి చెయ్యి రాలేదు.

"ఇన్ని నీళ్ళు పోస్తే సన్నిపాతం కమ్మదా బాబూ?"

"కమ్మదమ్మా."

"నిజంగా?"

"పొయ్యకపోతే కమ్మేది ఇంకోటుంది. అది అడక్కండి."

ఆవిడ మొహం చూశాను. అమ్మ మాట, అమ్మమ్మ మాట ఒకవైపు, నిన్నగాక మొన్నొచ్చిన కాంపౌండరు ఒకవైపు. ఎవరిని నమ్మినా, మాట తప్పయితే పోయేది ఆవిడ మొగుడే. మంచంమీంచి సుబ్బారాయుడు గారే తేల్చాడు. "పొయ్యవే. ఎండి చచ్చేకంటే తడిసి చావడం మేలు. దాహంతో నాలిక అట్ట కట్టింది, రోజులబట్టీ."

ఆవిడ వంచింది.

కారు వచ్చాక

మధ్యాహ్నం డాక్టరు గారు దిగారు. బిళ్ళలు తీసి చేతిలో పెట్టాను. చూసి, తన జేబులో వేసుకున్నారు. అంతే మాట్లాడుకున్నాం. రోగి పొత్తికడుపు మీద వేళ్ళు పెట్టి తట్టారు. ఉచ్చతిత్తి ఖాళీ. అంటే అడ్డం కింద లేదు, పైన మూత్రపిండాల దగ్గరే ఉంది. బయటికి వచ్చి నరసయ్యతో మెల్లగా అన్నారు: "బెజవాడ తీసికెళ్ళాలయ్యా. పెద్దాసుపత్రిలో సన్నటి గొట్టం లోపలికంటా పంపి కడుగుతారు. ఆలస్యం చేస్తే విషం ఒంటికెక్కుతుంది. కారు చూడు."

నరసయ్య చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు.

కారు వచ్చేదాకా చేసేదేమీ లేదు, సోడానీళ్ళు పొయ్యడం తప్ప. మోతాదు తప్పకుండా కలిపి ఇస్తూ కూర్చున్నాను. సోడా అయిపోయింది, ఆసుపత్రికి వెళ్ళొస్తానన్నాను. సుబ్బారాయుడు గారు కళ్ళు తెరిచి, "తినే సోడాయే గదా? కొట్లో బస్తా ఉంది, తెప్పించండి," అన్నాడు. బజ్జీల అంగళ్ళవాళ్ళకి ఆయన ఏళ్ళతరబడి అమ్మిన సరుకు.

ఆ కూర్చున్నసేపట్లో నాకు తోచినదాన్నే తర్వాత జీవితమంతా కొత్తవాళ్ళకి చెబుతూ వచ్చాను. మందు గురించి మనకి తెలిసింది ఎప్పుడూ సీసా మూతదాకానే. మూత తీశాక దాన్ని ఎవరు ఎలా పోస్తారు, దేంతో పోస్తారు, ఏమి ఆపుతారు, అన్నీ ఆ ఊరి నీళ్ళనిబట్టి, ఆ ఇంటి అమ్మమ్మలనిబట్టి ఉంటాయి. నీళ్ళు తాగండని చెబితే చాలదు. "మీ ఇంట్లో జ్వరంలో నీళ్ళిస్తారా?" అని ముందు అడగాలి. డాక్టరు గారు రెండుసార్లు చెప్పారు, ఒక్కసారీ అడగలేదు. నాకు తెలిసిన గొప్ప డాక్టర్లలో ఎక్కువమంది జబ్బు అలాంటిదే.

కారు గుమ్మంలో ఆగింది. నరసయ్య, నేను చెరో రెక్కా పట్టి సుబ్బారాయుడు గారిని లేపాం. ఆయన వీధి గుమ్మం వైపు రాలేదు.

"ఒక్కసారి పెరట్లోకి తీసికెళ్ళండి."

"ఎందుకు బావా, కారొచ్చింది," అన్నాడు నరసయ్య.

"ఎందుకేమిట్రా. పెరట్లోకి మనిషి ఎందుకెళతాడు?"

తీసికెళ్ళాం. గోడ దగ్గర నిలబెట్టి మేము ఇవతలికి వచ్చాం. వెంకటసుబ్బమ్మ గారు వంటింటి గుమ్మంలో నిలబడింది. డాక్టరు గారు వసారాలో గడియారం చూసుకుంటున్నారు. బయట డ్రైవరు హారన్ ఒకసారి కొట్టాడు.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నగా, ఆగి ఆగి, మళ్ళీ ఆగకుండా, గోడవారగా చప్పుడు వినిపించింది. నేను సంగీతం నేర్చుకోలేదు. కానీ ఆ తర్వాత ఎవరి కచేరీకి వెళ్ళినా దాంతో పోల్చి చూసి కాస్త నిరాశపడుతూనే ఉన్నాను.

డాక్టరు గారు గడియారం మీంచి చూపు తీశారు.

సుబ్బారాయుడు గారు గోడ పట్టుకుని తనే మెల్లగా తిరిగొచ్చాడు. నరసయ్య కళ్ళు తుడుచుకుంటూ ఎదురెళ్ళాడు.

"ఏం నరసయ్యా, నా రాయి నీ బట్టీకి పనికిరాదు గదరా," అన్నాడాయన. "కారుకి ఏమిస్తానన్నావు? ఆ బెజవాడ సంగతి..."

మాట పూర్తికానివ్వలేదు వెంకటసుబ్బమ్మ గారు. నిండు చెంబు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ముందిది తాగండి. తర్వాత మాట్లాడుదురు గాని."